చెప్పుల డబ్బాలో నానీ ఇల్లు: బుల్లి దృశ్యాలు కట్టడం మనసుకు ఎలా పనికొస్తుంది?

ఒక ఖాళీ అట్టపెట్టె, కత్తెర, ఫెవికాల్ డబ్బా, గుప్పెడు ఐస్‌క్రీం పుల్లలు. ఇవి ఉంటే ఒక గది కట్టొచ్చు. నిజం గది కాదు, అందులో పన్నెండో వంతు గది. గోడకు చిన్న గూడు, గూట్లో వేలిగోరంత లాంతరు, మూలన నులక మంచం, తలుపు పక్కన రెండు జతల చెప్పులు. ఇలా ఒక చోటును చేతుల్లో పట్టేంత చిన్నగా కట్టడాన్ని మినియేచర్ అంటారు, డయోరమా అని కూడా అంటారు. ఒకప్పుడు ఇది బొమ్మ రైళ్ల పిచ్చి ఉన్నవాళ్ల పని, లేదంటే మ్యూజియం వాళ్ల పని. ఈమధ్య మాత్రం మనసు కుదుటపడటానికి, తలలో తిరిగే ఆలోచనల గోల కాస్త తగ్గడానికి మామూలు ఇళ్లలోనూ దీన్ని మొదలుపెడుతున్నారు. ఖర్చు తక్కువ. నేర్పే గురువు అక్కర్లేదు. ఇంట్లో ఐదేళ్ల మనవరాలు, డెబ్బై ఏళ్ల నానీ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని చేయగలిగే పనులు ఇప్పుడు ఎన్ని మిగిలాయి కనుక!

మినియేచర్ అనగానే మనవాళ్లలో కొందరికి గోల్కొండ, బీజాపూర్ దర్బారుల్లో వేసిన దక్కనీ చిత్రాలు గుర్తొస్తాయి. అవి కాగితం మీద వేసిన బొమ్మలు. ఇక్కడ మాట్లాడేది కట్టే వాటి గురించి.

చిన్నదాన్ని చూస్తే మనిషి ఆగిపోతాడు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం సంగతి హైదరాబాద్‌లో తెలియనివాళ్లు ఉండరు. చుట్టూ అంత పెద్ద మ్యూజియం, పాలరాతి బొమ్మలు, నవాబుల కత్తులు ఉన్నా, గంట అయ్యే వేళకు జనమంతా అక్కడే గుమిగూడతారు. ఒక బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోవడం చూడటానికే అంత ఎదురుచూపు. ఉమ్రాకు వెళ్లినవాళ్లలో మదీనాలోని దార్ అల్ మదీనా మ్యూజియం చూసినవాళ్లు ఉంటారు. పాత మదీనా ఎలా ఉండేదో, మస్జిదె నబవీ ఏ కాలంలో ఎంత ఉండేదో అక్కడ చిన్న నమూనాలుగా కట్టి పెట్టారు. చదివినప్పుడు మసకగా ఉన్నది, ఆ నమూనా ముందు నిలబడితే ఇదిగో ఇక్కడ ఇల్లు, ఇక్కడ దారి అని కళ్లకు కడుతుంది. మన దగ్గర కొండపల్లి బొమ్మలూ అంతే. తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు వేసి, ఒక పల్లె మొత్తాన్ని బల్ల మీద పెట్టేస్తారు.

చూడటం ఒక ఎత్తు. సొంతంగా కట్టడం ఇంకో ఎత్తు. ఎందుకో చెప్పాలంటే డమాస్కస్‌లో పుట్టిన ఒక ఆర్కిటెక్ట్ కథ చెప్పుకోవాలి.

ఇంటికి పోలేని కుర్రవాడు

మొహమ్మద్ హాఫిజ్ సిరియా రాజధాని డమాస్కస్‌లో పుట్టారు, సౌదీ అరేబియాలో పెరిగారు. ఆర్కిటెక్చర్ చదవడానికి అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీకి వెళ్లారు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాతి రోజులవి. ముస్లిం దేశాల నుంచి వచ్చిన యువకుల మీద అక్కడి ప్రభుత్వం గట్టి నిబంధనలు పెట్టింది. హాఫిజ్‌కు ఉన్నది సింగిల్ ఎంట్రీ వీసా. ఒక్కసారి బయటికి పోతే తిరిగి రావడానికి హామీ లేదు. చదువు వదులుకోవాలి, లేదా ఇంటి మొహం చూడకుండా ఉండాలి. పెళ్లిళ్లు, పండుగలు అన్నీ ఫోన్‌లోనే.

ఒక రాత్రి కాలేజీ స్టూడియోలో కూర్చుని ఆయన చేతికి దొరికిన ప్లాస్టర్‌తో డమాస్కస్ గోడ ఒకటి చేశారు. పెచ్చులూడిన సున్నం, పాత కిటికీ, గోడ మీద వేలాడే కరెంటు తీగలు. పారేసిన ఎలక్ట్రానిక్ ముక్కలు, తుప్పు పట్టిన ఇనుము, విరిగిన ఆటబొమ్మల భాగాలు, ఏది దొరికితే అది వాడారు. ఆ తర్వాత అదే అలవాటైంది. ఊరికి పోలేకపోతే ఊరినే కట్టుకోవచ్చు అనుకున్నారు. పగలు ఆఫీసులో అద్దాల భవనాలకు డిజైన్లు, రాత్రి ఇంట్లో డమాస్కస్ గల్లీలు. చాలా ఏళ్లు వాటిని బయట ఎవరికీ పెద్దగా చూపించలేదు. చూపించడానికి చేసినవి కావు మరి.

2011లో ఆయన డమాస్కస్ వెళ్లగలిగారు. అక్కడ అజాన్, బజారు సందడి, వీధి మాటలు రికార్డు చేసుకుని తెచ్చుకున్నారు. యుద్ధం ముదిరాక ఆ ఊరు ఆ రూపంలో మిగల్లేదు. అక్కడి నుంచి ఆయన బుల్లి గోడలూ మారిపోయాయి. కూలిన మేడలు, సగం తెగిన మెట్లు, గాల్లో వేలాడే కుర్చీ. ఆ శిథిలాల మధ్య మాత్రం రికార్డు చేసిన ఆ శబ్దాలు వినపడతాయి, గోడ మీద ఖుర్ఆన్ వాక్యం ఒకటి చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. 2017లో ఇరాక్‌లో పుట్టిన రచయిత అహ్మద్ బద్ర్‌తో కలిసి 'అన్‌ప్యాక్డ్' అనే ప్రదర్శన చేశారు. అఫ్ఘానిస్తాన్, కాంగో, సిరియా, ఇరాక్, సూడాన్ నుంచి వచ్చిన శరణార్థుల కథలు అవి. ఒక్కో కుటుంబానికి ఒక్కో పాత సూట్‌కేసు. మూత తెరిస్తే లోపల వాళ్లు వదిలేసి వచ్చిన గది ఉంటుంది, పక్కనే హెడ్‌ఫోన్లలో వాళ్ల గొంతు వినిపిస్తుంది.

ఈ కథలో మన పనికొచ్చే విషయం ఆయన కళాకారుడిగా పేరు తెచ్చుకోవడం కాదు. పేరు రాకముందు దాదాపు పదేళ్లపాటు, ఎవరూ చూడకపోయినా ఆ పని ఆయనను నిలబెట్టడం. ఇంటి బెంగ అనేది పట్టుకోవడానికి రూపం లేనిది. రాత్రిపూట వచ్చి గుండె మీద కూర్చుంటుంది. దాన్ని ఒక కిటికీగా, ఒక తలుపుగా మార్చి బల్ల మీద పెడితే చేతులకు పని దొరుకుతుంది. కడప, నిజామాబాద్, కరీంనగర్ నుంచి గల్ఫ్‌కు వెళ్లి రెండేళ్లకోసారి ఇల్లు చూసే అబ్బాలకు, పెళ్లై దూర దేశంలో అపార్ట్‌మెంట్లో పగలంతా ఒంటరిగా ఉండే కూతుళ్లకు ఈ బెంగ ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇసుక పళ్లెంలో ప్రపంచం

చిన్న దృశ్యాలను మనసు వైద్యంలో వాడటం కొత్తేమీ కాదు. దాదాపు వందేళ్ల కిందట లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే పిల్లల డాక్టరు ఉండేవారు. 1928లో భయస్తులైన పిల్లలు, మొండి చేసే పిల్లల కోసం ఒక క్లినిక్ తెరిచారు. లోపల ఏముందో మాటల్లో చెప్పడం పిల్లలకు రాదు. పెద్దలకే రాదు కదా! ఆమె రచయిత హెచ్.జి. వెల్స్ 1911లో రాసిన 'ఫ్లోర్ గేమ్స్' చదివారు. వెల్స్ తన కొడుకులతో నేల మీద చిన్న చిన్న ఊళ్లు, దీవులు కట్టి ఆడిన ఆటల గురించిన పుస్తకం అది. అది గుర్తుపెట్టుకుని ఆమె క్లినిక్‌లో బుల్లి ఇళ్లు, చెట్లు, జంతువులు, కంచెలు పెట్టిన డబ్బాలు, పక్కనే ఇసుక పోసిన పళ్లెం ఉంచారు. పిల్లలు వాటిని ఇసుకలో అమర్చడం మొదలుపెట్టారు. దానికి 'ప్రపంచం' అని పేరు పెట్టింది కూడా ఆ పిల్లలే. తర్వాత స్విట్జర్లాండ్‌లో డోరా కాల్ఫ్ ఆ పద్ధతిని మరింత పెంచారు. ఇప్పటికీ చాలా దేశాల్లో శిక్షణ పొందిన నిపుణులు ఇసుక పళ్లెం పద్ధతి వాడుతున్నారు.

ఇంట్లో అట్టపెట్టెతో చేసేది ఆ చికిత్స కాదు. రెండింటికీ కలిసేది ఒక్కటే: నోటికి రానిది చేతికి వస్తుంది.

మరి మైండ్‌ఫుల్‌నెస్ అనే మాట ఎక్కడిది? బౌద్ధ ధ్యాన పద్ధతుల నుంచి కొంత తీసుకుని, మతంతో సంబంధం లేకుండా ఆసుపత్రి రోగులకు నేర్పేలా జాన్ కబాట్-జిన్ 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కేంద్రంలో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. సారాంశం చాలా మామూలుది. ఇప్పుడు జరుగుతున్న దాని మీద ధ్యాస పెట్టడం, మనసు పక్కకు పోతే తిట్టుకోకుండా వెనక్కి తెచ్చుకోవడం. నమాజులో ఖుషూ కోసం ప్రయత్నించే ఎవరికైనా మనసు పక్కకు పోవడం, వెనక్కి తేవడం అనే ఈ గొడవ తెలిసిందే. అది ఇబాదత్, ఇది చేతిపని. రెండింటినీ ఒకటి చేయనక్కర్లేదు. కళ్లు మూసుకుని కూర్చోమంటే చాలామందికి ఐదు నిమిషాల్లో రేపటి స్కూలు ఫీజు గుర్తొస్తుంది. చేతిలో అగ్గిపుల్ల పట్టుకుని దాన్ని కిటికీ చువ్వగా అతికిస్తున్నప్పుడు మాత్రం వేరే దారి లేదు. ధ్యాస పోతే పుల్ల వంకరపోతుంది, అంతే. తిరిగి రమ్మని ఆ పుల్లే చెబుతుంది.

ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో గిరిజా కైమల్ బృందం 2016లో ఒక అధ్యయనం ప్రచురించింది. 39 మంది పెద్దవాళ్లను 45 నిమిషాలు మట్టి, రంగు పెన్నులు, కాగితాల ముక్కలతో నచ్చింది చేసుకోమన్నారు. ముందూ తర్వాతా ఉమ్మిలో కార్టిసాల్ కొలిచారు. ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒంట్లో పెరిగే హార్మోన్ అది. సుమారు 75 శాతం మందిలో అది తగ్గింది. ఇంతకుముందు ఏ కళా చేతకానివాళ్లకూ అదే ఫలితం వచ్చింది. చిన్న అధ్యయనం ఇది, పోల్చడానికి మరో బృందం కూడా లేదు, కాబట్టి దీన్ని పట్టుకుని మందులు ఆపేయకూడదు. కానీ 'నాకు బొమ్మలు గీయడం రాదు' అనేవాళ్లకు ఒక జవాబైతే దొరికింది.

ఇంకో లాభం చూపుకు సంబంధించినది. 1940ల్లో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అనే అమెరికా మహిళ హత్యలు, అనుమానాస్పద మరణాలు జరిగిన గదులను అడుగుకు ఒక అంగుళం లెక్కన కట్టారు. సున్నితమైన విషయమే, కానీ ఆమె ఉద్దేశం పోలీసులకు చూడటం నేర్పడం. క్యాలెండర్‌లో తేదీ, పొయ్యి మీద గిన్నె, కిటికీ గడియ, అన్నీ సరిగ్గా పెట్టేవారు. ఆ నమూనాలు ఇప్పుడు బాల్టిమోర్‌లో ఉన్నాయి, ఇన్నేళ్ల తర్వాతా శిక్షణలో వాడుతున్నారు. బుల్లి గది కట్టడం మొదలుపెట్టినవాళ్లకు నాలుగు రోజుల్లో ఇది అనుభవమవుతుంది. ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ, ఇన్నేళ్లూ చూడని టేబుల్ కాళ్ల వంపు చూస్తారు.

ఏం కట్టాలి?

చార్మినార్ వద్దు. చార్మినార్‌తో మొదలుపెట్టినవాళ్లు రెండో మినార్ దగ్గర ఆపేస్తారు, ఆ సగం మినార్ బీరువా మీద ఏడాది పాటు దుమ్ము పట్టి కనిపిస్తూ ఇంకో బాధ అవుతుంది. చిన్న చోటు ఎంచుకోండి. నానీ వంటింటి మూల. లాడ్ బజార్‌లో ఒక్క గాజుల కొట్టు. ఇరానీ హోటల్ కౌంటర్, మీద ఉస్మానియా బిస్కెట్ల సీసా. మస్జిద్‌లో వుజూ చేసే చోటు, నల్లాల వరస. సహరీ వేళ పొయ్యి వెలిగిన వాకిలి. అబ్బా నడిపిన సైకిల్ రిపేరు షాపు. ఇప్పుడు లేని చోటైతే ఇంకా మంచిది, ఎందుకంటే అప్పుడు అడగాల్సి వస్తుంది.

ఈ అడగడం అనేది అసలు పనికంటే ఎక్కువ ఇస్తుంది. "నానీ, మీ ఊరి ఇంట్లో పొయ్యి ఏ పక్కన ఉండేది?" అని అడిగి చూడండి. "తలుపుకు ఎదురుగా కాదే బిడ్డా, ఎడమ పక్క. పైన పొగ గొట్టం ఉండేది కాదు, అందుకే గోడంతా నల్లగా ఉండేది. మీ నానా ప్రతి రంజాన్ ముందర సున్నం కొట్టేవారు, అందులో కొంచెం నీలిమందు కలిపేవారు." ఇలా మొదలవుతుంది. మామూలుగా 'నీ చిన్నప్పటి సంగతులు చెప్పు' అంటే 'ఏముంది చెప్పడానికి' అనే మనిషి, పొయ్యి ఎత్తు ఎంత అంటే చెయ్యి పెట్టి చూపిస్తుంది. మతిమరుపు మొదలైన పెద్దవాళ్లకు నిన్నటిది గుర్తుండకపోవచ్చు, ఆ గోడ రంగు మాత్రం గుర్తుంటుంది. వాళ్లు తప్పు చెప్పినా సరిదిద్దకండి. వాళ్లు చెప్పిన ఇల్లే కట్టండి.

కొలతలు, సామాను

ఎక్కువమంది వాడే కొలత 1:12. నిజం అడుగుకు ఇక్కడ అంగుళం. ఆరున్నర అడుగుల తలుపు ఆరున్నర అంగుళాలవుతుంది. లెక్క సులువు, పిల్లలకు కూడా వెంటనే అర్థమవుతుంది. చెప్పుల డబ్బా సుమారు 12 అంగుళాల పొడవు, 7 అంగుళాల వెడల్పు, నాలుగున్నర లోతు ఉంటుందనుకుందాం. పక్కకు పడుకోబెట్టి నోరు మన వైపు తిప్పితే 1:12లో అది 12 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, నాలుగున్నర అడుగుల లోతు ఉన్న చోటు. గాజుల కొట్టుకు సరిపోతుంది, వంటిల్లు ఇరుకవుతుంది. గదిలో నాలుగు సామాన్లు పట్టాలంటే అందులో సగం, 1:24 తీసుకోవాలి. అదే డబ్బా ఇప్పుడు 24 అడుగుల హోటల్. రెండున్నర అడుగుల పాలరాతి బల్ల అంగుళం పావు అవుతుంది. చాయ్ కప్పు మాత్రం ఆవగింజ కంటే కొంచెం పెద్దదిగా వస్తుంది, కళ్లజోడు పెట్టుకునేవాళ్లు ముందే ఆలోచించుకోండి.

ముఖ్యమైన విషయం ఒక్కటే. ఒక దృశ్యంలో ఒకే కొలత ఉండాలి. బజారులో కొన్న అందమైన బొమ్మ కుర్చీ కొలతకు పెద్దదైతే గది మొత్తం అబద్ధంగా కనిపిస్తుంది.

గోడలకు అట్ట. ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు, సుద్దపొడి లేదా గోడలకు పూసే పుట్టీ కలిపి పూయాలి. తడి ఆరకముందే నలిపిన అల్యూమినియం ఫాయిల్‌తో అద్దితే పాత సున్నం గోడలా గరుకు వస్తుంది. ఆరాక తెలుపులో చుక్క నీలం. పొయ్యి పైన బొగ్గుపొడి వేలితో రుద్దితే మసి. నేలకు షాబాద్ బండలు కావాలంటే బూడిద రంగు అట్టను ముక్కలుగా కోసి, సందుల్లో కాస్త ముదురు రంగు. వాకిలికి జల్లించిన మట్టి. కాగితం పాతబడాలంటే చాయ్ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టాలి. మనింట్లో దానికి కొరత లేదు.

మిగతావి ఇంట్లోనే ఉంటాయి. టూత్‌పిక్‌లు, దారంతో నులక మంచం. చీపురు పుల్లలను దారంతో వరసగా కడితే చిల్మన్. సోడా మూత బోర్లిస్తే దేగ్ మూత. ఎం-సీల్ ముద్ద నుంచి చిటికెడు తీసుకుని ఉండ చేసి, అగ్గిపుల్లతో గుంత నొక్కితే లోటా. సన్నటి రాగి తీగను పెన్ను రీఫిల్ చుట్టూ చుట్టి తెంపితే గాజులు. పాత దుపట్టా అంచు కత్తిరిస్తే జానమాజ్, దస్తర్‌ఖాన్ రెండూ వస్తాయి, పూలు మాత్రం చిన్నవిగా ఉన్న గుడ్డ వెతకాలి. మొత్తం కొనాల్సింది ఫెవికాల్, రెండు మూడు రంగు డబ్బాలు, ఒక మంచి కట్టర్.

కట్టర్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. లోపల దీపం పెట్టాలనుకుంటే చిన్న ఎల్ఈడీ పెట్టొచ్చు, కానీ దానికి వాడే గుండీ బ్యాటరీ పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే దీపం ఆలోచన మానేయండి, కిటికీ పక్కన పెడితే అసర్ వేళ ఎండ చాలు.

కూర్చునే పద్ధతి

ఇదంతా క్రాఫ్ట్ క్లాసు అయిపోకుండా ఉండాలంటే కూర్చోవడంలో కొంచెం తేడా ఉండాలి. అసర్‌కు మగ్రిబ్‌కు మధ్య, లేదా ఇషా తర్వాత ఒక అరగంట, ముప్పావుగంట. ఫోన్ వేరే గదిలో. చేసేటప్పుడు వీడియో చూస్తూ చేయొద్దు. నేర్చుకోవాల్సింది ఉంటే ముందే చూసి ఆపేయండి. ఒక్క పూటకు ఒక్క వస్తువు మాత్రమే, ఈరోజు తలుపు, రేపు గడియ. మొదలుపెట్టే ముందు ఆ చోటు వాసన ఏమిటి, చప్పుడు ఏమిటి, ఎండ ఎటు నుంచి వచ్చేది అని ఒక నిమిషం గుర్తు చేసుకోవాలి. చేస్తుండగా ఆఫీసు, అత్తగారి మాట, లోన్ వాయిదా, ఏదో ఒకటి తలలోకి వస్తుంది. రానివ్వండి. మళ్లీ వేలి కొన దగ్గరకు, జిగురు తడి దగ్గరకు రండి. టైం అయ్యాక సగంలో ఉన్నా లేవాలి.

సగంలో లేవడం చాలామందికి చేతకాదు. పూర్తి చేయాలనే తొందర మొదలైతే అది ఇంకో డ్యూటీ అయిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసే అద్భుతాలతో పోల్చుకోవడం ఇంకా చెడ్డది. జపాన్‌కు చెందిన తనాకా తత్సుయా 2011 ఏప్రిల్ 20 నుంచి రోజుకో బుల్లి దృశ్యం ఫొటో పెడుతున్నారు, బ్రకోలీ ముక్కను చెట్టుగా మార్చేస్తారు. చూసి ఆనందించాల్సినవి అవి. ఆయనకు అదే వృత్తి.

మనుషుల బొమ్మలు పెట్టొచ్చా?

ముస్లిం ఇళ్లలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. రావాల్సిందే. ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఆయిషా (రజి.) చిన్నప్పుడు బొమ్మలతో ఆడుకున్నారని, వాటిలో రెక్కలున్న గుర్రం బొమ్మ కూడా ఉండేదని అబూ దావూద్ హదీసుల్లో ఉంది. దాని ఆధారంగా పిల్లల ఆటబొమ్మలకు అనుమతి ఉందని చెప్పే ఉలమా చాలామంది. ఇంట్లో అలంకారంగా ప్రాణుల బొమ్మలు పెట్టడాన్ని మాత్రం వాళ్లలో ఎక్కువమంది ఒప్పుకోరు. ఏది ఆట, ఏది అలంకారం అనే దగ్గర అభిప్రాయాలు వేరుగా ఉన్నాయి, కాబట్టి మీరు నమ్మే ఆలిమ్‌ను అడగడం మంచిది.

అసలు ఈ పనికి మనుషుల బొమ్మల అవసరమే తక్కువ. హాఫిజ్ దృశ్యాల్లో ఎక్కువగా మనుషులు కనిపించరు. విడిచిన చెప్పులు, సగం మడిచిన జానమాజ్, మేకుకు తగిలించిన తస్బీహ్, ఇంకా ఆవిరి పోతున్నట్టున్న చాయ్ కప్పు పెడితే ఆ మనిషి ఇప్పుడే పక్క గదిలోకి వెళ్లినట్టు ఉంటుంది. బొమ్మ పెడితే ఆ బొమ్మ మొహం దాదీ మొహంలా ఉండదు, చూసిన ప్రతిసారీ మనసు 'ఈమె కాదు' అంటుంది. ఖాళీ మంచానికి ఆ ఇబ్బంది లేదు.

ఎక్కడ ఆగాలి

పోయినవాళ్ల ఇల్లు కట్టేటప్పుడు ఏడుపు రావొచ్చు. వస్తే తప్పు కాదు, కాసేపు ఆపి నీళ్లు తాగి, మనసుంటే మళ్లీ కూర్చోవచ్చు. కానీ కడుతున్న కొద్దీ బరువు పెరుగుతుంటే, ఆ రాత్రి నిద్ర పట్టకపోతే, ఆ డబ్బా మూత పెట్టి పక్కన ఉంచాలి. దుఃఖం మరీ కొత్తదైతే ఇప్పుడు ఇల్లు వద్దు. సంబంధం లేని ఏదైనా చిన్న కొట్టు కట్టుకోండి. గొడవలు, హింస, ప్రమాదం చూసినవాళ్లు ఆ చోటును ఒంటరిగా కట్టే ప్రయత్నం చేయకూడదు. అది నిపుణుల పక్కన కూర్చుని చేయాల్సిన పని.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, ఆకలి, నిద్ర పోతే, ఏ పనీ చేయాలనిపించకపోతే, బతకడం ఎందుకు అనిపిస్తే ఫెవికాల్ డబ్బా దానికి మందు కాదు. డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మన ఇళ్లలో 'నజర్ తగిలింది', 'ఈమాన్ బలహీనమైంది' అంటూ నెలలు గడిపేస్తారు. దువా చేయండి, డాక్టరు దగ్గరకూ వెళ్లండి, ఒకటి ఇంకోదానికి అడ్డం కాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి-మానస్ సేవ ఉంది. 14416కు రోజులో ఏ వేళైనా ఫోన్ చేసి ఉచితంగా మాట్లాడొచ్చు. ఫోన్ చేయడానికి మొహమాటపడే మనిషి కోసం ఇంట్లో ఇంకొకరు చేసి కూడా సలహా అడగొచ్చు.

కట్టిన తర్వాత

పూర్తయిన డబ్బా ముందు పాత ఓహెచ్‌పీ షీటో, పెళ్లి చీరల పెట్టె మీది పారదర్శక మూతో అతికిస్తే దుమ్ము పడదు. వానాకాలంలో అట్టకు చెమ్మ పడుతుంది, మూలన రెండు కర్పూరం బిళ్లలు గుడ్డలో కట్టి పెడితే పురుగు రాదు, కానీ పిల్లల చేతికి అందకుండా చూడాలి. డబ్బా వెనక ఒక కాగితం అతికించి ఎవరి ఇల్లు, ఏ ఊరు, ఏ సంవత్సరం నాటిది, ఎవరు చెబితే కట్టారు అని తెలుగులోనో ఉర్దూలోనో రాయండి. వీలైతే రెండు లిపుల్లోనూ రాయండి, ఎందుకంటే నానీ చదివేది ఒకటి, మనవరాలు చదివేది ఇంకొకటి. నానీ గొంతులో ఆ ఇంటి సంగతి ఫోన్‌లో రికార్డు చేసి ఉంచుకున్నవాళ్లు, ఆ ఫైలు పేరు కూడా అదే కాగితం మీద రాసుకుంటే తర్వాత వెతుక్కునే పని ఉండదు.